బక్క సూదులు

మా ఇంట్లో పొద్దున్నే పొయ్యి మీద మొదట ఎక్కేది టీ గిన్నె కాదు, నా సిరంజీ గిన్నె. సొట్టలు పడిన చిన్న అల్యూమినియం గిన్నె అది. గాజు సిరంజీని, దాని కడ్డీని విడదీసి, గుడ్డముక్కలో చుట్టి, పక్కనే సూదిని వేసి మా అమ్మ మరగబెట్టేది. గుడ్డ చుట్టకపోతే నీళ్లు మరిగేటప్పుడు గాజు గిన్నెకు కొట్టుకుని పగులుతుంది. ఒకసారి పగిలింది కూడా. నాకు చక్కెర జబ్బని తెలిసిన రోజు కంటే ఆ రోజు మా అమ్మ ఎక్కువ ఏడ్చింది. జబ్బు ఇంటికే వచ్చింది, సిరంజీ కోసం మదనపల్లె పోవాలి.

మాది పుంగనూరు. తొంభైల మొదట్లో, నాకు పదేళ్లప్పుడు ఈ జబ్బు బయటపడింది. నాన్న సంతలో పలుపులు, పగ్గాలు అమ్మేవాడు. ఆవును కొన్నవాడు పాత తాడుతోనే తోలుకుపోతాడని, కొత్త తాడు కొనే మొనగాడు ఒక్కడూ లేడని ఎప్పుడూ గొణుగుతుండేవాడు. చిన్నపిల్లకు షుగరంటే మా వీధిలో ఎవరూ నమ్మలేదు. వాళ్ల లెక్కలో అది ముసలివాళ్లకు, కూర్చుని తినేవాళ్లకు వచ్చేది. “చిన్నబిడ్డకు సక్కరజబ్బేందమ్మా, అంత తీపి యాల పెట్టినారు?” అని చూడవచ్చిన ప్రతివాళ్లూ అడిగారు. అడిగి, మేమిచ్చిన టీ తాగి, చక్కెర తక్కువైందని చెప్పి పోయారు.

సూది కొత్తగా ఉన్నన్నాళ్లు నొప్పి పెద్దగా తెలియదు. పోనుపోను మొద్దుబారుతుంది. అప్పుడు అమ్మ సానరాయి మీద ఒక చుక్క నూనె వేసి దాని మొనను నూరేది. మొన వంకర తిరిగిందేమోనని దూదిలో గుచ్చి లాగి చూసేది. దూదిపోగు తగులుకుని వస్తే మళ్లీ నూరేది, రాకపోతే సూది నా తొడ మీదికి వచ్చేది. దూదికి దొరకని వంకరలు నా తొడకు దొరికేవి. నేను అరిస్తే, “అరుసు తల్లీ, అరిసినా ఏసేది తప్పదు” అనేది. అదే ఆమె ఓదార్పు.

అమ్మకు అంకెలు చదవడం రాదు. నాకు ఎంత మందు వెయ్యాలో డాక్టరు చేతనే సిరంజీ మీద చూపించుకుని, అక్కడ ఎర్రటి గోళ్లరంగుతో అడ్డంగా ఒక గీత పెట్టుకుంది. ఉడికి ఉడికి ఆ రంగు వెలిసేది. పూర్తిగా పోకముందే దాని మీదే మళ్లీ పూసేది. ఆ గీత దాకా మందు లాగడం, గుచ్చడం. ఆమె చదువు అంతవరకే, నా ప్రాణం కూడా ఆ గీత మీదే ఆధారపడి ఉండేది. మా అవ్వ ఆ గోళ్లరంగు సీసాను చూసి, కోడలికి ఇప్పుడు సోకులు పుట్టుకొచ్చాయని వీధిలో చెప్పుకొచ్చింది.

ఫ్రిజ్ మాకే కాదు, మా వీధిలో ఎవరికీ లేదు. ఇంటి మూలలో తడి ఇసక పోసి, అందులో చిన్న మట్టికుండ పాతి, ఇన్సులిన్ సీసాను ప్లాస్టిక్ కవర్లో కట్టి కుండలో దించేవాళ్లం. ఎండాకాలంలో ఆ ఇసకకు దక్కిన నీళ్లు మాకు దక్కేవి కావు. జబ్బు ఎంతుందో తెలియాలంటే ఒంటేలు పరీక్షే దిక్కు. గాజు గొట్టంలో నీలం మందు పోసి, నాలుగు చుక్కలు మూత్రం కలిపి కాస్తే రంగు మారుతుంది. నీలంగానే ఉంటే మంచిది, ఆకుపచ్చ పరవాలేదు, ఇటుకరంగు వస్తే ఆ రోజంతా ఇంట్లో ఎవరి మొహమూ సరిగా ఉండేది కాదు.

ఒక్కోసారి దీనికి తలకిందులుగా జరిగేది. మందు వేశాక తిండి ఆలస్యమైతే నాకు చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్ల ముందు తెల్లగా అయిపోయేది. అప్పుడు అమ్మ పరుగున పోయి బెల్లం ముక్క తెచ్చి నోట్లో కుక్కేది. కాసేపటికి తేరుకునేదాన్ని. ఏ మనిషికి బెల్లం విషమని చెప్పారో, ఆ మనిషికి ఆ సమయంలో బెల్లమే మందు. ఇది మా అమ్మకు ఎట్లా ఒంటబట్టిందో తెలియదు గానీ, దాన్ని పట్టుకునే నేను ఇన్నేళ్లు బతికాను.

మదనపల్లెలో ఒక పెద్ద డాక్టరు ఉండేవాడు. మంచివాడు, కోపిష్టి. ఆయన ఆసుపత్రి అరుగు మీద నాలాంటి పిల్లల్ని వెంటబెట్టుకుని తల్లులు కూర్చునేవాళ్లు. కలికిరి నుంచి, గంగవరం నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్లు. అరుగు మీద మాటలన్నీ సూదుల గురించే. ఎవరి సిరంజీ ఎన్నాళ్లు వచ్చింది, ఎవరి సూది విరిగింది, ఎవరు పోయారు. ఎవరు పోయారనేది ఉత్త ముచ్చట కాదు. పోయినవాళ్ల ఇంట్లో మందు మిగిలి ఉంటుంది.

మా పక్క ఒక మనిషి పోతే, వాళ్ల బట్టలు చాకలికి ఇస్తారు, పరుపును ఊరి బయట వదిలేస్తారు. వాళ్ల మందుసీసాను మాత్రం ఎవరూ ముట్టరు. చచ్చినవాళ్ల మందు తాకితే ఆ చావు మన ఇంటికొస్తుందని భయం. తాగే మందైతే దిబ్బలో పారబోస్తారు, పోతే పోయింది. కానీ ఇన్సులిన్ అట్లా పారబోస్తే, అరుగు మీద కూర్చున్న తల్లుల కడుపు మండేది. మా అమ్మ మొదట ఎవరో వైశ్యుల ఇంట్లో పెద్దాయన పోయాడని విని, దినాలు కాగానే వాళ్ల గుమ్మంలోకి పోయి నిలబడి అడిగింది. వాళ్లు వింతగా చూసి ఇచ్చారు. ఇంటికి తెచ్చి, సీసాను పసుపునీళ్లతో కడిగి, తులసికోట దగ్గర ఒక పూట పెట్టి, ఆ తర్వాతే కుండలో దించింది. మా అవ్వ మూడురోజులు మా అమ్మతో మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోతే మాకు పండగే.

అప్పటినుంచి అరుగు మీద తల్లులందరూ అదే పద్ధతి పెట్టుకున్నారు. ఎవరింట్లో మనిషి పోయినా, మిగిలిన మందు, సిరంజీ, సూదులు పసుపునీళ్లతో కడిగి ఇంకో ఇంటికి చేరేవి. వాడిన సూది మళ్లీ వాడొద్దని పుస్తకాల్లో రాశారట, డాక్టర్లు చెప్పేవాళ్లు, గోడల మీద బొమ్మలు వేసేవాళ్లు. వాడకుండా ఎట్లా బతకాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

ఆ అరుగు మీదే నాకు కుప్పం పిల్ల దొరికింది. నాకంటే ఒక ఏడాది చిన్నది. గుడుపల్లె దారిలో వాళ్ల ఊరు, వాళ్ల నాన్న చెరుకు గానుగ దగ్గర బెల్లం వండేవాడు. ఇల్లంతా బెల్లం దిమ్మలు, అందులో షుగరు పిల్ల. దేవుడికి ఇంకో ఇల్లు కనబడలేదు. ఇద్దరం కలిస్తే ముందు తొడలు చూపించుకునేవాళ్లం. ఎవరికి ఎన్ని గడ్డలు కట్టాయో, ఎవరిది ఎక్కువ నల్లబడిందో పందెం వేసుకునేవాళ్లం. ఎక్కువసార్లు ఆమే గెలిచేది. గెలిచి నవ్వేది కూడా. నవ్వితే పై పన్ను ఒకటి వంకరగా బయటికొచ్చేది. ఆమె తల్లిని నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. మా అమ్మ ఆమెను అక్కా అనేది, ఆమె మా అమ్మను చెల్లెలి లెక్కన చూసుకునేది. పెద్దమ్మ ఏడో తరగతి దాకా చదువుకుంది. అంకెలు చూసి మందు లాగేది. ఆమెకు గోళ్లరంగుతో పని లేదు.

తొంభైల చివర్లో ఒకసారి ఆసుపత్రికి పైదేశం నుంచి ఎవరో దయగలవాళ్లు ఒక పెట్టె పంపించారు. అక్కడివాళ్లకు అక్కర్లేక మిగిలిపోయిన సిరంజీలట. ప్లాస్టిక్‌వి, బక్కవి, మూత నారింజరంగు. సూది వెంట్రుకంత సన్నం. గుచ్చితే గుచ్చినట్టే తెలియదు. పంచుకుంటూ వచ్చేసరికి చివర ఒక్క కట్ట మిగిలింది. అరుగు మీద మేము రెండు ఇళ్లవాళ్లం ఉన్నాం. మా అమ్మ కుప్పం పిల్ల తొడల వంక చూసి, “అక్కా, నీ బిడ్డకే పెట్టుకో. నాకు నా గీత ఉండే సిరంజీనే తెలుస్తాది, ఈ బక్కదాంట్లో గీత యాడ పెట్టుకునేది?” అంది. నాకు ఒళ్లు మండిపోయింది. బస్సులో పుంగనూరు వచ్చేదాకా అమ్మతో మాట్లాడలేదు. నాకూ నొప్పి లేని సూది కావాలని ఉండదా?

ఆ పిల్ల ఒక్కో బక్క సూదిని మొన వంగేదాకా వాడేది. అది తన పెళ్లికి వచ్చిన నగ అయినట్టు మూత పెట్టి, గుడ్డలో చుట్టి దాచుకునేది. తర్వాతిసారి అరుగు మీద కలిసినప్పుడు నా ముందే ఊరిస్తూ, “సూదేసినప్పుడు నిద్ర గూడా లేసేది లే” అంది. నేను మొహం తిప్పుకున్నాను.

ఆ తర్వాత ఆమె చిక్కిపోవడం మొదలైంది.

కలిసిన ప్రతిసారీ ఇంకాస్త తగ్గేది. చెంపలు లోపలికి పోయాయి. జాకెట్టు భుజాల మీది నుంచి జారేది. ఎప్పుడూ దాహం, ఎప్పుడూ బయటికి పోయిరావడం. పరీక్ష చేస్తే ఇటుకరంగు. డాక్టరు, “ఎంత వేస్తున్నావమ్మా?” అని అడిగాడు. “ఇరవై సార్, మీరు సెప్పినట్లే” అంది పెద్దమ్మ. ఆమె అబద్ధం చెప్పలేదు. రోజూ బక్క సిరంజీలో ఇరవై గీత దాకా నిండుగా లాగి వేస్తోంది. డాక్టరు సిరంజీ చూపించమని అడగలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు. మందు సరిగా పడుతున్నా జబ్బు ఎక్కువవుతోందంటే, పిల్ల ఏదో తింటోందని అర్థం. “ఏం తింటున్నావ్? నిజం చెప్పు!” అని ఆయన గద్దించాడు. బెల్లం వండేవాళ్ల ఇంటి పిల్ల. ఇంకేం తింటుంది?

ఆ మాట పెద్దమ్మ మనసులో ముల్లులా దిగిపోయింది. ఇంటికి పోయి బెల్లం దిమ్మలు లెక్కబెట్టుకుని అటక మీద పెట్టి, నిచ్చెన తీసేసింది. పిల్ల గానుగ వైపు అడుగు పెట్టకూడదంది. అయినా జబ్బు తగ్గలేదు. అప్పుడు పిల్ల నోరు తెరిపించి వాసన చూసింది. నోరు తియ్యగా వాసన కొట్టింది. బాగా మగ్గిన పండులాగా, పులిసిన చెరుకుపాలలాగా. ఇంక రుజువేం కావాలి? పొయ్యిలోని కట్టె తీసి కొట్టింది. పిల్ల తినలేదని కొండకు మొక్కింది, తన కళ్ల మీద ఒట్టు వేసింది. ఒట్టు వేసే నోరు కూడా ఆ వాసనే కొట్టింది.

ఇవన్నీ పెద్దమ్మే అరుగు మీద మా అమ్మకు చెప్పుకుని ఏడ్చింది. “దొంగబుద్ధి వచ్చేసిందే సెల్లా దీనికి. నోరు సూస్తే బెల్లం వాసన, అడిగితే తిన్లేదంటాది.” పిల్ల పక్కనే తల వంచుకుని కూర్చుని ఉంది. మోచేతి దగ్గర కమిలిన మచ్చ కనబడకుండా పైట లాక్కుంటోంది. వాళ్లు లోపలికి పోయినప్పుడు నా వైపు తిరిగి, “నేను తిన్లేదే. మాయమ్మ నమ్మల్యా. నువ్వన్నా నమ్ముతావా?” అంది. నమ్ముతానన్నాను. ఆ మాట ఇంటికొచ్చి అమ్మతో చెప్తే, “పిల్లోళ్లు అట్లే సెప్తారు లే. నువ్వు మాత్రం నా దగ్గర అన్నీ సెప్తాండావా?” అంది. మా ఇంట్లో నా మాటకున్న విలువ అంత.

డాక్టరు మందు పెంచుకుంటూ పోయాడు. చివరికి నలభై దాకా పెంచాడు. అప్పుడు పిల్ల కాస్త తేరుకుంది. దాహం తగ్గింది, చెంపల్లో కండ కనబడింది, నోటి వాసన పోయింది. “చూశావా, దొంగతిండి మానేసింది” అన్నాడు డాక్టరు. దెబ్బలు పనిచేశాయని పెద్దమ్మ ఊపిరి పీల్చుకుంది. పిల్ల మళ్లీ నవ్వింది. ఆ నవ్వులో పాత ధీమా లేదు. తప్పు చేయకుండానే క్షమించబడిన పిల్ల ఎట్లా నవ్వుతుందో అట్లా నవ్వింది.

ఎంత పొదుపుగా వాడినా బక్క సూదులు అయిపోయాయి. చివరిదాని మొన చేపగాలంలాగా వంగిపోయిందని, వేస్తే తోలు లేచి వస్తోందని పెద్దమ్మ పుంగనూరు సంతకు వచ్చినప్పుడు మా అమ్మతో చెప్పింది. అప్పటికి నాకు పుంగనూరు మందులషాపులోనే ఎర్ర మూత ప్లాస్టిక్ సిరంజీలు దొరకడం మొదలైంది. మా గాజు సిరంజీ పక్కన పడి ఉంది. మా అమ్మ దాన్ని బాగా మరగబెట్టి, దాని మీది గోళ్లరంగు గీతను బ్లేడుతో గీకేసి, స్పిరిట్‌తో తుడిచి, సూదిని నూరి ఇచ్చింది. “నా బిడ్డను ఇన్నేండ్లు బతికించింది అక్కా ఇది. నీ బిడ్డకూ కలిసొస్తాది” అంది.

పెద్దమ్మ మర్నాడు పొద్దున ఆ గాజు సిరంజీలో నలభై గీత దాకా మందు లాగి కూతురికి వేసింది.

ఆ తర్వాత జరిగింది దినాలప్పుడు పెద్దమ్మ చెప్పగా విన్నాం. సూది వేశాక పిల్ల కొంచెం సంగటి తిని గడప దగ్గర కూర్చుంది. కాసేపటికి చెమటలు పట్టాయి. కడుపులో ఏదో అవుతోందంది. పెద్దమ్మ నీళ్లు తాగించింది, విసనకర్రతో విసిరింది. పిల్ల కళ్లు తేలేసి, మాట తడబడుతూ, “అమ్మా, రోంత బెల్లం పెట్టమ్మా” అని అడిగింది. మళ్లీ మొదటికొచ్చిందని పెద్దమ్మ చెయ్యెత్తింది. కొట్టలేదట. ఎత్తిన చెయ్యి చూసి పిల్ల ఇంక అడగలేదట. ఆ తర్వాత కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలుపెడితే మూర్ఛ అనుకుని తాళంచెవులు చేతిలో పెట్టారు. ఎవరి ట్రాక్టరో దొరికి కుప్పం తీసుకుపోయేసరికి అంతా అయిపోయింది. “సచ్చేముందు గూడా బెల్లం మీదే ఉండాది సెల్లా పేనం” అని పెద్దమ్మ రొమ్ము కొట్టుకుంది. మా అమ్మ ఆమెను పట్టుకుని ఏడ్చింది. నేను ఆ గడప దగ్గర కూర్చోలేక బయట గానుగ వైపు పోయి నిలబడ్డాను. అక్కడ పెనంలో చెరుకుపాలు ఉడుకుతున్నాయి. ఎవరు పోయినా చెరుకు ఆగదు కదా.

వచ్చేటప్పుడు పెద్దమ్మ ఒక మూట ఇచ్చింది. అందులో సగం వాడిన ఇన్సులిన్ సీసా, తెరవని సీసా ఇంకొకటి, మా గాజు సిరంజీ. “నీ బిడ్డకన్నా పనికిరానీ” అంది. మా అమ్మ ఇంటికొచ్చి అన్నీ పసుపునీళ్లతో కడిగింది. తులసికోట దగ్గర పెట్టింది. ఆ మందే నేను వాడాను. మధ్యలో ఎర్ర మూత సిరంజీలు దొరకని రోజుల్లో ఆ గాజు సిరంజీ కూడా వాడాను. అమ్మ మళ్లీ గోళ్లరంగు గీత పెట్టింది. నాకేమీ కాలేదు. ఆ సీసాలు అయిపోయేదాకా నేను సూది వేయించుకునేటప్పుడు అరవలేదు.

కొన్నేళ్లు గడిచాయి. రెండువేలు దాటింది. మదనపల్లె డాక్టరు పోయాడు. నేను కుట్టుమిషన్ నేర్చుకుని జాకెట్లు కుట్టేదాన్ని. కుడికన్ను మసకబారడం మొదలైంది. కుప్పంలో ఒక కల్యాణమండపంలో షుగర్ క్యాంపు పెడుతున్నారని, కళ్లు కూడా చూస్తారని పెద్దమ్మే కబురు పంపింది. నేను, అమ్మ పోయాం. క్యారియర్‌లో సంగటి తెస్తాను, మధ్యాహ్నం తిందురు గానీ అని పెద్దమ్మ చెప్పింది.

అక్కడ ఒక నర్సు కుర్చీ మీద నిలబడి అందరికీ చెప్పింది. గొంతు పెద్దది. ఒక చేతిలో ఎర్ర మూత సిరంజీ, ఇంకో చేతిలో నారింజ మూత బక్క సిరంజీ. మన దగ్గర అమ్మే సీసా మందుకు ఎర్ర మూతదే వాడాలని, పాత గాజు సిరంజీ కొలత కూడా దానిదేనని, నారింజ మూతది వేరే రకం చిక్కటి మందుకు చేసిందని, దాని మీది అంకెలు మన మందుకు సరిపోవని చెప్పింది. ఎవరికీ బుర్రకెక్కలేదు. అప్పుడామె రెండు గాజుగ్లాసులు తెప్పించింది. ఎర్రరంగు నీళ్లు రెండు సిరంజీల్లోనూ నలభై గీత దాకా లాగి, ఒక్కోదాన్ని ఒక్కో గ్లాసులో వదిలింది. అట్లా పదిసార్లు చేసి గ్లాసులు పైకెత్తింది. బక్కదాని గ్లాసులో అడుగున కొంచెం. ఎర్ర మూతదాని గ్లాసులో దానికి రెండింతల పైన. “రెండూ నలభయ్యే. సూడండి. ఈ బక్కదాంతో ఏస్తే మందు సాలదు. అలవాటుపడి ఆ ఎర్రదాంతో అంతే ఏస్తే మనిషి మిగల్డు” అంది.

మా అమ్మకు అంకెలు రావు. గ్లాసులు మాత్రం కనబడ్డాయి. ఆమె చెయ్యి వచ్చి నా మణికట్టు మీద పడింది. ఎంత గట్టిగా పట్టుకుందంటే నా చేతిగాజు ఒకటి చిట్లింది. నేను ఆమె వైపు చూడలేదు. ఆమె కూడా నా వైపు చూడలేదు.

నర్సు ఆపలేదు. మందు చాలకపోతే ఏమవుతుందో చెప్పింది. మనిషి చిక్కిపోతారు, దాహం, నోరు మగ్గిన పండులాగా తియ్యటి వాసన కొడుతుంది, అది తిండి వాసన కాదు, లోపల ఒళ్లు కరిగే వాసన అంది. మందు ఎక్కువైతే చెమటలు, వణుకు, మాట తడబడటం, తీపి కావాలని వాళ్లే అడుగుతారు, అడిగిన వెంటనే చక్కెరో బెల్లమో నోట్లో వేయాలి అంది. పంపిన దయగలవాళ్లు ఆ పెట్టెలో ఈ నాలుగు మాటలు రాసిన కాగితం ఒకటి పెట్టి ఉండొచ్చు. పంచినవాళ్లు ఒక్కసారి చెప్పి ఉండొచ్చు. దానం చేసే తొందరలో ఎవరికీ తీరిక లేకపోయింది.

వెనక్కి తిరిగి చూస్తే పెద్దమ్మ వాకిలి దగ్గర, క్యారియర్ ఒళ్లో పెట్టుకుని చాపమీద కూర్చుని ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో తెలియలేదు.

మండపం వెనక నీడలో కూర్చున్నాం. ఆమె క్యారియర్ విప్పి, మూడు పళ్లేల్లో సంగటి పెట్టి, నంజుకోను ఊరిబిండి పచ్చడి వేసింది. ఎవరూ ముట్టలేదు. చివరికి మా అమ్మే నోరు విప్పింది. కడుపులో దాచుకోవడం ఆమెకు చేతకాదు.

“అక్కా, ఆ సిరంజీ నేనే కదా ఇచ్చింది...”

“అది ఇడ్సిపెట్టు సెల్లా” అంది పెద్దమ్మ. గొంతు మామూలుగానే ఉంది. “నీ బిడ్డది తీసి నా బిడ్డకు ఇచ్చినావు. నాకు తెల్దా.”

మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దమ్మ తన పళ్లెంలోని సంగటిని వేలితో ఒక పక్కకు నెట్టింది.

“నోరు పండు వాసనొస్తాదనే కదా ఆయమ్మ సెప్పింది?” అని నన్ను అడిగింది. “మందు సాలకుంటే?”

“అవును పెద్దమ్మా.”

“తిండి వాసన కాదనింది కదా?”

“కాదనింది.”

మండపంలోంచి నర్సు గొంతు ఇంకా వినబడుతోంది.

“అయితే నా బిడ్డ తిన్లేదు” అంది.

మా అమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేయబోయింది. ఆమె పక్కకు జరిగింది. కోపంతో కాదు. ఎవరూ తాకకూడదన్నట్టు జరిగింది.

“పాపా, నీతో ఏమన్నా సెప్పిందా అది?”

“తిన్లేదని సెప్పింది పెద్దమ్మా. మాయమ్మ నమ్మల్యా, నువ్వన్నా నమ్ముతావా అనింది.”

“నమ్మినావా?”

“నమ్మినా.”

ఆమె తల ఊపింది. ఆ తర్వాత కుడిచెయ్యి తిప్పి అరచెయ్యి చూసుకుంది. సంగటి అంటుకున్న ఆ చేతినే కొంచెం పైకి లేపి, అక్కడే ఆపింది. ఆ చెయ్యి ఎందుకు ఆగిందో మాకు తెలుసు.

“ఒక్కసారే అడిగింది” అంది. “ఇంటినిండా బెల్లమే ఉండె పాపా.”